కష్టం వచ్చినా విశ్వాసం పరువు పోకూడదు

మనిషన్నాక కష్టాలొస్తాయి. విశ్వాసికీ వస్తాయి. కాకపోతే విశ్వాసికి కష్టంతోపాటు ఇంకో పని కూడా నెత్తిన పడుతుంది. ఆ కష్టం వల్ల తన విశ్వాసం పరువు నలుగురిలో పోకుండా చూసుకోవాలి. అప్పులవాడు గుమ్మంలో కూర్చున్నా, స్కానింగు రిపోర్టులో అర్థంకాని మాటలు కనిపించినా, అల్లుడు అమ్మాయిని పుట్టింట్లో దించేసి వెళ్ళిపోయినా, ఆదివారం పొద్దున మాత్రం ఇస్త్రీ చీర కట్టుకుని రెండో వరసలో కూర్చోవాలి. "ఎలా ఉన్నారు సిస్టర్?" అంటే "దేవుని కృప, బాగున్నామండీ" అనాలి. దీనికి సాధన కావాలి. మా సంఘంలో పెద్దలను, పక్క సంఘాల్లో అంతకన్నా పెద్దలను చూసి పట్టిన మెళకువలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. బైబిలు పక్కన పెట్టుకుని మాత్రం చదవకండి. అడుగడుగునా అడ్డమొస్తుంది.

మొదటి మెళకువ, దాచడం. కష్టం బయటికి చెప్పక తప్పకపోతే ప్రార్థన అంశంగా చెప్పండి, అదీ పేరు లేకుండా: "మన సంఘంలో ఒక కుటుంబం ఒక సమస్యలో ఉంది, అందరం భారంతో ప్రార్థన చేద్దాం." ఆమేన్ అనేలోపు ఆ కుటుంబం ఏదో, ఆ సమస్య ఏదో, అది ఎవరివల్ల వచ్చిందో ఆడవాళ్ళ వైపు నుంచి మగవాళ్ళ వైపుకి చేరిపోతుంది. అయినా మీరు చెప్పినట్టు కాదు, పరువు నిలిచినట్టే. కీర్తనల గ్రంథం జోలికి మాత్రం పోకండి. అందులో నూట యాభై ఉంటే, చాలా వాటిలో మనిషి దేవుణ్ణి పట్టుకుని ఎందుకు, ఎన్నాళ్ళు అని నిలదీస్తూనే ఉంటాడు. 88వ కీర్తన అయితే మరీ అన్యాయం. చివరికైనా ఓ స్తోత్రం ఉంటుందేమోనని చూస్తే చీకటితోనే ముగుస్తుంది. మన బుధవారం కూటంలో ఎవరైనా అలా ప్రార్థించి కూర్చుంటే ఆమేన్ అనేవాడు కూడా ఉండడు.

కష్టం బయటపడ్డాక చూడాల్సింది కారణం. అంటే జబ్బుకు కారణం కాదు, అది డాక్టర్లు చూసుకుంటారు. ఎవరి పాపం అన్నది తేల్చాలి. ఈ పని కష్టంలో ఉన్నవాడు ఒంటరిగా చేసుకోలేడు, పరామర్శకు వచ్చినవాళ్ళు సాయం చేయాలి. పరామర్శ ఎలా జరగాలో ఒకసారి కళ్ళారా చూశాను. షుగరు ముదిరి మోకాలి కింద వరకు కాలు తీసేసిన మనిషి. ఆసుపత్రి నుంచి వచ్చి ఇంకా వారం కాలేదు. నులక మంచం మీద పడుకుంటే దుప్పటి ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు చదునుగా ఉంది. పక్కింటి నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీల్లో సంఘం వాళ్ళు ఆరుగురు కూర్చున్నారు. బ్రెడ్డు ప్యాకెట్టు, నాలుగు యాపిల్ పండ్లు స్టూలు మీద పెట్టారు. లోపల ఆయన భార్య, పొద్దున ఆయన కోసం పోయించుకున్న పాలతోనే ఆరు టీలు కాస్తోంది. వరసలో పెద్దాయన గొంతు సవరించుకుని మెల్లిగా అడిగాడు: "బ్రదర్, ఏమీ అనుకోవద్దు. దశమ భాగం సరిగ్గా ఇస్తున్నారా?" ఆయన ఆలోచనలో పడ్డాడు. నిజంగానే ఆలోచించాడు, లెక్క వేసుకుంటున్నట్టు పెదాలు కదిలాయి. పోయిన కాలు కన్నా ఎగ్గొట్టిన నెలలు గుర్తొచ్చాయి కాబోలు. అదీ పరామర్శ అంటే! మనిషిని తన నొప్పి నుంచి తప్పించి, తన తప్పు మీదకు తీసుకుపోవాలి.

ఇందులో మనకు ఆది గురువులు యోబు స్నేహితులు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు. మొదట్లో పాపం ముగ్గురూ తప్పటడుగు వేశారు. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఒక్క మాట మాట్లాడకుండా నేలమీద అతని పక్కన కూర్చున్నారు. తర్వాత తేరుకుని నోరు తెరిచారు. ఇక అధ్యాయాల తరబడి, ఎవడూ ఊరికే బాధపడడు, నువ్వేదో చేసే ఉంటావు, ఒప్పేసుకో అని వాయించారు. ఆ గ్రంథాన్ని అక్కడితో మూసేయాలి. 42వ అధ్యాయం దాకా వెళ్తే, దేవుడు ఆ ముగ్గురి మీదే కోప్పడి, నా గురించి సరిగ్గా మాట్లాడింది వీడే, మీరు కాదు అని యోబును చూపిస్తాడు. అరిచి, తిట్టుకుని, దేవుణ్ణి వాదనకు పిలిచిన మనిషిని! పైగా స్నేహితులకు జరిమానా: ఏడు ఎద్దులు, ఏడు పొట్టేళ్ళు. ఇవాళ ఒంగోలు సంతలో ఏడు ఎడ్ల ధర ఎంత పలుకుతుందో కనుక్కుని పరామర్శకు బయల్దేరాలంటే మన సంఘాల్లో సగం మంది ఇల్లు కదలరు. యోహాను సువార్త 9వ అధ్యాయం కూడా అంతే. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి, ఎవరి పాపమని శిష్యులు అడిగిన ప్రశ్న చక్కటి ప్రశ్న. దాన్ని గుర్తుపెట్టుకోండి. ఇతనిదీ కాదు, కన్నవాళ్ళదీ కాదు అన్న జవాబు వదిలేయండి.

ఇక మందులు. విశ్వాసం జారేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

డాక్టరు టీబీ అన్నాడు, ఆరు నెలలు మాత్రలు మింగమన్నాడు. సర్కారు ఆసుపత్రిలో వాటికి డబ్బు కూడా అక్కర్లేదు. నెలా రెండు నెలలు తిరిగేసరికి దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ఒళ్ళు కాస్త తేరుకుంటుంది. సరిగ్గా అప్పుడు స్వస్థత కూటానికి వెళ్ళండి. నెత్తిన నూనె పోయించుకుని, మాత్రల అట్టలు వేదిక మీద వదిలేసి రండి. తగ్గింది మాత్రలతోనా నూనెతోనా అని అడిగేవాడు అవిశ్వాసి. లోపల మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా మొండికేసి, మళ్ళీ దగ్గులో నెత్తురు పడ్డప్పుడు, ఈసారి పాత మాత్రలు పనిచేయనప్పుడు, అదే గదిలో పడుకునే మనవడికి కూడా అంటుకున్నప్పుడు, దానికి శోధన అని పేరు పెట్టండి. ఆ పేరు పెట్టాక ఇక ఎవరి తప్పూ ఉండదు. రోజూ ఇన్సులిన్ సూది మీద నడిచే చిన్నపిల్ల ఉన్న ఇంట్లో ఈ మెళకువ వాడితే ఫలితం నెలలదాకా ఆగదు, రోజుల్లోనే తేలిపోతుంది. అప్పుడు విశ్వాసం చాలలేదనే మాట పిల్ల తల్లికి చెప్పాలి. కూటం పెట్టినాయన అప్పటికి ఇంకో ఊళ్ళో ఉంటాడు, ఆయన్ను ఇబ్బంది పెట్టకండి.

ఈ విషయంలో బైబిలు మనకు బొత్తిగా సహకరించదు. హిజ్కియా రాజు చావు పడకలో గోడవైపు తిరిగి ప్రార్థించాడు. దేవుడు విన్నాడు, పదిహేనేళ్ళు ఆయుష్షు పెంచాడు. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! యెషయా ప్రవక్త వెంటనే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. మాట ఇచ్చిన దేవుడుండగా మళ్ళీ ఈ కట్టు దేనికి? పౌలు అయితే, ఊరికే జబ్బుపడే తిమోతికి నూనె సీసా పంపకుండా, కడుపు కోసం కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. ఆ పౌలు వెంట తిరిగిన లూకా చేసే వృత్తే వైద్యం. మన దగ్గరకొచ్చిన మిషనరీలకూ ఇదే జబ్బు. అన్నా సారా కుగ్లర్ అనే అమెరికా డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చి, ఏళ్ళకేళ్ళు తిప్పలు పడి 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచింది. నిజామాబాద్ పక్కన డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే ఇంకో డాక్టరమ్మ కుష్ఠు రోగుల కోసం మరో ఆసుపత్రి మొదలుపెట్టింది. చిన్న సీసాతో అయిపోయే పనికి ఇన్ని ఇటుకలు, ఇంత సున్నం, ఇంతమంది నర్సులు! వాళ్ళకు విశ్వాసం తక్కువై ఉంటుంది, ఇంకేమనుకోవాలి?

వాగ్దానం సంగతి తొందరగా చెప్పేస్తాను, ఇది మీకందరికీ తెలిసిందే. డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధనలో పళ్ళెంలోంచి ఒక కార్డు తీస్తారు. ఏడాది పొడుగునా ఆ కార్డు మీద బతకాలి. భయపడకండి, చెడ్డ కార్డు రాదు. ముందే ఏరేస్తారు. విలాపవాక్యములు అనే పుస్తకం మొత్తంలో కార్డుకు పనికొచ్చేవి నడిమధ్యన రెండు మూడు వచనాలే. అందరికన్నా ఎక్కువ కార్డులకెక్కింది యిర్మీయా 29:11. భవిష్యత్తు, నిరీక్షణ, అన్నీ అందులోనే. అమెరికా వీసా ఇంటర్వ్యూకి వెళ్ళే అబ్బాయి పాస్‌పోర్టులో పెట్టుకునే వచనం అదే. దాని ముందు వచనం చదవకపోవడం మంచిది. అందులో డెబ్బై ఏళ్ళు అని ఉంది. బబులోనుకు చెరపట్టుకుపోయిన జనానికి యిర్మీయా రాసిన ఉత్తరం అది. అక్కడే ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకుని కాయలు తినండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, మిమ్మల్ని పట్టుకుపోయిన ఆ ఊరి మేలు కోరండి అని దాని సారాంశం. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది తిరిగి ఇల్లు చూడలేదన్నమాట. ఇలాంటి ప్రవక్త మనకెందుకు? దానికి ముందు అధ్యాయంలో హనన్యా ఉన్నాడు. రెండేళ్ళలో అందరూ వెనక్కి వచ్చేస్తారని గుడిలో అందరి ముందూ ధైర్యంగా ప్రకటించాడు. ఇవాళ ఉంటే ఆయన కూటాలకు మైదానాలు చాలేవి కావు. ఆ ఏడే చచ్చిపోయాడన్నది చిన్న విషయం.

దేవుడు నా జీవితానికి పెట్టిన ఉద్దేశం ఏమిటి అనే పెద్ద ప్రశ్న ఒకటుంది. దీనికి మన ఇళ్ళలో తిరుగులేని పద్ధతి దొరికింది. ఆ ఉద్దేశాన్ని వేరేవాళ్ళ మీద పెట్టడం. బిడ్డకు నెలల వయసులో న్యుమోనియా వస్తుంది. తల్లి మోకాళ్ళ మీద పడి, వీడు బతికితే నీ సేవకే ఇస్తాను ప్రభువా అంటుంది. బిడ్డ బతుకుతాడు. పెరుగుతాడు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతానంటాడు, బైక్ ఇంజను విప్పి బిగించడంలో వాడికి లోకమంతా కనిపిస్తుంది. అప్పుడు వాడికి తన ఆయుష్షు అప్పు మీద తెచ్చిందని గుర్తుచేయండి. బైబిలు కాలేజీ ఫారం నింపించండి. నాలుగేళ్ళ తర్వాత వాడు నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని, అరువు గొంతుతో ప్రసంగం చెబుతుంటే ముందు వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకోండి. ఆ ఊళ్ళో ఇంజన్లు బాగుచేసే నమ్మకమైన మనిషి ఒకడు తగ్గాడని దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు. ఏమన్నా అంటే సమూయేలును ఇచ్చిన హన్నా పేరు చెప్పండి. అయితే హన్నా మొక్కు తీర్చేసి చేతులు దులుపుకోలేదు. ఏటేటా బిడ్డ కొలతకు చిన్న అంగీ కుట్టి పట్టుకెళ్ళేది. అంటే వాడు ఎంత ఎదిగాడో చూస్తూనే ఉంది. మీకంత శ్రమ అక్కర్లేదు.

దిగులు గురించి ఒక్క మాట. రాత్రిళ్ళు నిద్ర పట్టక, అన్నం సయించక, చచ్చిపోతే బాగుండు అనేవాణ్ణి మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్తే సంబంధాలు చెడతాయి. దయ్యం పట్టిందంటే చెడవు, పైగా వెళ్ళగొట్టడానికి నలుగురూ వస్తారు. ఏలీయాకు కూడా ఇలాగే అయింది. ఎడారిలో బదరీ చెట్టు కింద కూర్చుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు పంపిన దూత దయ్యాన్ని గద్దించలేదు, ఉపవాసం ఉండమనలేదు, కనీసం ఓ వచనమన్నా చదవలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డితో నీళ్ళు పెట్టి తినమన్నాడు. తిని మళ్ళీ పడుకుంటే, ఇంకోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. ఇంత ఆత్మీయత లేని పద్ధతి మనకు నచ్చదు.

ఇప్పుడు రాయబోయే సలహా చాలా ఇళ్ళలో నిజంగానే ఇస్తారు కాబట్టి ఇక్కడ వెటకారం పక్కన పెడుతున్నాను. భర్త కొడుతున్నాడని వచ్చిన ఆడపిల్లకు, లోబడి ఉండమ్మా, నీ ప్రార్థనే ఆయన్ను మారుస్తుంది అని చెప్పి, చేతిలో పాటల పుస్తకం పెట్టి అదే ఆటో ఎక్కించి పంపిస్తారు. ఎఫెసీయులకు రాసిన పత్రికలో భార్యకు చెప్పిన మాట చెవిలో పోస్తారు. దానికన్నా పొడుగ్గా భర్తకు చెప్పిన మాట, ప్రాణమిచ్చేంతగా ప్రేమించాలన్న మాట, వాడి ఇంటికి వెళ్ళి ఎవరూ చదివి వినిపించరు. 2001కి ముందు మన దేశంలో క్రైస్తవ భార్యకు భర్త కొట్టినంత మాత్రాన విడాకులు దొరికేవి కావు, వ్యభిచారం కూడా రుజువు చేయాలి. 1869 నాటి విడాకుల చట్టాన్ని 2001లో సవరించాక క్రూరత్వమొక్కటే చాలు. గృహ హింస నుంచి రక్షణకు 2005 చట్టం ఉంది, 181 నంబరు ఉంది. పాస్టరమ్మ గారి ఫోనులో ఆ నంబరు ఉండాలి. ఆ పిల్లకు ఆ రాత్రి పడుకోవడానికి ఎవరింట్లోనో ఒక గది ఉండాలి. సరే, మళ్ళీ మన దారిలోకి వద్దాం.

సాయం అడిగేవాళ్ళను ఎలా పంపించాలో కూడా తెలిసుండాలి. "తప్పకుండా ప్రార్థన చేస్తాం" అన్న మాటకు ఖర్చు లేదు, రసీదు లేదు. బియ్యం అయిపోయాయని వచ్చినవాడికి కూడా ఇదే చెప్పొచ్చు. యాకోబు తన పత్రికలో సరిగ్గా ఈ మాటనే, ఈ సందర్భంలోనే వెక్కిరించాడు కానీ ఆయన కాలం వేరు. ఇంకా తెలివైనవాళ్ళు ఆకలి సమయాన్ని వాడుకోవాలి, ముందు బాప్తిస్మం, తర్వాత బస్తా. ఈ కిటుకు తెలియక నష్టపోయినవాడు ఒంగోలు క్లౌ దొర. 1876–78 నాటి పెద్ద కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే, ఈ బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం కాంట్రాక్టు పట్టి, వేలమందికి కూలి చూపించాడు. ఆయనకు ముందు నుంచీ సర్వే పని తెలుసు. కరువు సాయం నడిచినన్నాళ్ళూ, అడిగినా సరే, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గింజల కోసం కలిశారన్న మాట పడకూడదట. సాయం ఆగిపోయాక, ఇక పెట్టడానికి ఏమీ లేనప్పుడు తలుపు తెరిచాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది దిగారు. చేతిలో బస్తాలున్నప్పుడు వదులుకుని, చేతులు ఖాళీ అయ్యాక పిలవడం ఏం వ్యవహారమో నాకైతే అంతుబట్టదు.

ఇవన్నీ దాటాక సాక్ష్యం. దీనికి ఒక వరస ఉంది, తప్పకూడదు. డాక్టర్లు చేతులెత్తేయాలి (ఎత్తకపోయినా ఎత్తించండి), తర్వాత పాస్టరు గారి ప్రార్థన, తర్వాత రిపోర్టు మారిపోవడం. నాలుగు గంటలు నిలబడి ఆపరేషను చేసిన సర్జను, ఖర్చు భరించిన ఆరోగ్యశ్రీ, రాత్రి రెండింటికి వచ్చి రక్తమిచ్చిన పక్కవీధి కుర్రాడు ఈ కథలోకి రాకూడదు. ఆ కుర్రాడు అయ్యప్ప మాలలో ఉంటే అసలే రాకూడదు. మూడు నిమిషాల్లో ముగించాలి. ముగింపు శుభమై ఉండాలి.

కాబట్టి తగ్గనివాళ్ళకు సాక్ష్యం చెప్పే వంతు లేదు. పౌలు తన ఒంట్లో ముల్లు తీసేయమని మూడుసార్లు బతిమాలితే దేవుడు తీయలేదు. ఎంతోమందిని బాగుచేసిన ఆ పౌలే త్రోఫిమును జబ్బుతో మిలేతులో వదిలి వెళ్ళాల్సి వచ్చింది. ఇద్దరికీ మన వేదిక మీద చోటు దొరకడం కష్టం. ఇబ్బందల్లా, పిలవకుండానే లేచేవాళ్ళతో. వెనక వరసలో గోడకానుకుని కూర్చునే ఒకావిడ ఉంటుంది, ప్రతి సంఘంలోనూ. కీమో మూడో విడత నడుస్తుంటుంది, తలకు గుడ్డ కట్టుకుని ఉంటుంది. మెల్లిగా లేచి మైకు అందుకుని, నాకింకా తగ్గలేదండీ, తగ్గుతుందో లేదో కూడా తెలియదు, రాత్రిళ్ళు దేవుడి మీద బాగా కోపమొస్తోంది, మంగళవారాలు మా పిల్లలకు క్యారేజీ పంపుతున్న పిన్నిగారికి వందనాలు, అని మొదలుపెడుతుంది. హాల్లో ఒక్కసారిగా అందరూ తలెత్తి వింటారు, ఫోను చూసుకునే కుర్రాళ్ళతో సహా. అందుకే కీబోర్డు వాయించే అబ్బాయికి ముందే సైగ నేర్పి ఉంచండి. ఆవిడ రెండో మాట ఎత్తుకునేలోపు వాడు స్కేలు అందుకోవాలి, సంఘమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టాలి.